మూడు కంపెనీల కాగితాలు, ఒకే కట్ట

2011 జూన్‌లో నన్ను మా జిల్లా కేంద్రంలోని ఆదాయపు పన్ను కార్యాలయంలో ఒక వార్డుకు ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. రిటైర్మెంటుకు రెండున్నరేళ్లు మిగిలాయి. ఇన్‌స్పెక్టర్ అనే మాట బయటివాళ్లకు బరువుగా వినిపిస్తుంది కాబట్టి మా వరస ముందే చెబుతాను. పైన కమిషనర్, ఆయన కింద అదనపు కమిషనర్, ఆ కింద ఎవరి పన్ను ఎంతో తేల్చే అసెస్‌మెంట్ ఆర్డరు రాసి సంతకం పెట్టే ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసర్. ఆయన చెప్పిన చోటికి వెళ్లి, చూసి, రాసుకొచ్చి ముందు పెట్టేవాడు ఇన్‌స్పెక్టర్. నోటీసు మీద సంతకం ఆయనది, దాన్ని మోసే కాళ్లు మావి.

ఆ పోస్టింగులో చేరిన నెలలోనే, ఒక్క కుటుంబం చేతిలో కలగలిసిపోయిన మూడు కంపెనీల లెక్కలను ఒంటిచేత్తో విడదీశానని నా పదవీ విరమణ సభలో చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. నిజానికి నాలుగు నెలలు పట్టింది. కూడికలు నావి. ఏ కూడిక ఎందుకు చెయ్యాలో చెప్పిన బుర్ర మా ఆఫీసరుది. ఆయన కోస్తా జిల్లా మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను 'గురువుగారూ' అని పిలిచేవాడు. పని ఎక్కువ ఉన్నప్పుడే అలా పిలిచేవాడని కూడా చెప్పాలి.

కేసు ఇది. బచ్చన్నపేట వైపు నుంచి జనగామకు వచ్చి పత్తి వ్యాపారంలో కుదురుకున్న ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన సోమనర్సయ్యకు జనగామలో జిన్నింగు మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు. నడిపాయన మల్లేశం మహబూబాబాద్‌లో మిర్చి బస్తాలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ కట్టాడు. అది నడవడం మొదలైన మూడో ఏడు గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి ఆయన భార్య సుగుణమ్మ నడుపుతోంది. చిన్నాయన రాంచందర్‌కు భూపాలపల్లిలో బొగ్గు మోసే టిప్పర్లు. మూడూ వేర్వేరు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు. మూడింటికీ డైరెక్టర్లు ఆ ముగ్గురే, సోమనర్సయ్య, రాంచందర్, సుగుణమ్మ. మూడింటికీ రిజిస్టర్డు ఆఫీసు కూడా ఒక్కటే, జనగామ మిల్లు గేటు పక్కనున్న చిన్న గది. ఈ గది సంగతి మళ్లీ వస్తుంది.

2008-09 ఆర్థిక సంవత్సరానికి ఈ మూడు కంపెనీలు మూడు రిటర్నులు వేశాయి. కోల్డ్ స్టోరేజీ రిటర్నులో ఆదాయం సున్నా. టిప్పర్ల కంపెనీ రిటర్నులో ఆదాయం సున్నా. మిల్లు రిటర్నులో మాత్రం పత్తి అమ్మకాలు, మిర్చి నిల్వ కిరాయిలు, బొగ్గు రవాణా, టిప్పర్ల డీజిలు, కోల్డ్ స్టోరేజీ కరెంటు బిల్లు, అన్నీ ఒకే చోట కూడి, అడుగున ఒకే లాభం.

కొన్ని దేశాల్లో ఇది తప్పు కాదు. అక్కడ ఒక పెద్ద కంపెనీ, దాని చేతి కింద ఉన్న కంపెనీలు అన్నీ కలిసి ఉమ్మడిగా ఒకే రిటర్ను వెయ్యొచ్చు. ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో తీసేస్తారు. గుంపు లోపల ఒకరికొకరు అమ్ముకున్నవి, ఇచ్చుకున్నవి లెక్కలోంచి కొట్టేస్తారు. మన చట్టంలో ఆ సదుపాయం లేదు. ప్రతి కంపెనీ వేరే మనిషి కింద లెక్క. ఎవరి పాన్ నంబరు వాళ్లది, ఎవరి లాభం మీద పన్ను వాళ్లది. ఒకరి నష్టం ఇంకొకరికి పనికిరాదు. ఫైలు చూసిన మా ఆఫీసరు, 'ఈ లెక్క రాసినవాడెవరో అమెరికాలో ఉండాల్సినవాడు గురువుగారూ, దారి తప్పి జనగామలో పుట్టాడు' అన్నాడు. డిసెంబరు ముప్పై ఒకటి లోపు మూడు ఆర్డర్లూ అయిపోవాలి. దాటితే చట్టప్రకారం కేసు మురిగిపోతుంది. మూడు ఊళ్లూ తిరిగి, ఆ ఒక్క లెక్కను మూడుగా విడగొట్టి రిపోర్టు ఇవ్వమని నాకు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు.

జులైలో జనగామ వెళ్లాను. మిల్లు గేటు పక్క గదిలో లెక్క రాసినవాడు దొరికాడు. పేరు రాజలింగం. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా గుమాస్తా. కంప్యూటరు ఉంది, దాని మీద పసుపు గుడ్డ కప్పి ఉంది. లెక్కలన్నీ పొడుగాటి చిట్టాలో, చక్కటి చేతిరాతతో. మిగతా రెండు కంపెనీల చిట్టాలేవి అని అడిగాను.

"ఒక్కటే ఉన్నది సార్. పొయ్యి ఒక్కటైనప్పుడు చిట్టా మూడెందుకుంటది?"

ఆ అన్నదమ్ముల తల్లి పోయేముందు పెట్టిన షరతు అది అని చెప్పాడు. వంట వేరైనా ఓర్చుకుంటానుగానీ చిట్టా వేరైతే మీరు వేరుపడ్డట్టే అన్నదట ముసలమ్మ. కంపెనీలు మూడు పెట్టింది బ్యాంకువాళ్ల కోసం. లోపల ఇల్లు ఒక్కటే. మిల్లుకు పత్తి మోసినందుకు టిప్పర్లకు కిరాయి రాయలేదేమని అడిగితే రాజలింగం నా వైపు జాలిగా చూశాడు.

"మన బండి మన పత్తి మోసింది. కిరాయి ఎవలు ఎవలకియ్యాలె సార్? కుడిచెయ్యి ఎడమచేతికి కూలిస్తదా?"

గుంపు లోపలి లావాదేవీలను కొట్టెయ్యడమనే సూత్రం పెద్ద పెద్ద పుస్తకాల్లో అధ్యాయాలుగా ఉంటుంది. రాజలింగం దాన్ని పుస్తకం లేకుండానే పట్టాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. కూడికల్లో ఒక్క పైసా తేడా లేదు. మొత్తం సరిగ్గానే ఉంది. అందులో ఏది ఎవరిదన్నదే లేదు.

ఆ గదిలోనే ఇంకో సంగతి చూశాను. మేము మూడు వారాల కింద మూడు కంపెనీలకూ పంపిన నోటీసులు ఏవని అడిగాను. రాజలింగం అలమారాలోంచి ఎర్ర గుడ్డలో కట్టిన కట్ట తీశాడు. మూడు కంపెనీల పేరుతో ఏ ఆఫీసు నుంచి ఏ కవరు వచ్చినా ఆ కట్టలోకే. మా కవర్లు మూడూ అందులో ఉన్నాయి. విప్పనేలేదు.

"సేటు అమాస ఎల్లినంక ఒక్కరోజు కూసుంటడు సార్. గప్పుడే కట్ట విప్పుతం. నడుమల విప్పితే కాయితాలు ఆగమైతయి."

సేటు అంటే సోమనర్సయ్య. నెలకు ఒకసారి, అమావాస్య వెళ్లాక. నేను నవ్వాను. ఆఫీసుకు వెళ్లి ఈ సంగతి అందరికీ అభినయించి చూపించాను. అంటే ఆ గదిలో ఇచ్చిన కవరు ఎప్పుడు తెరుచుకుంటుందో నాకు జులై నుంచే తెలుసు.

ఆగస్టులో మహబూబాబాద్ వెళ్లాను. మేమంతా దాన్ని మానుకోట అనే అంటాం. కోల్డ్ స్టోరేజీ లోపల చలి, అమ్మోనియా వాసన, దాని మీద మిర్చి ఘాటు. గుమ్మం దాటగానే తుమ్ములు మొదలై ఆగలేదు. సుగుణమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. స్వెట్టరు మీద చీర కొంగు బిగించి, గంగారం వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు బస్తాలు ఎంచి ఇస్తోంది. నన్ను చూసి, "తుమ్ములకు పన్నుంటదా సారూ?" అంది. ఆ రైతు నవ్వాడు. నాకు తుమ్ముల్లో నవ్వడం కుదరలేదు.

ఆమె దగ్గర చిట్టా లేదు. ఉన్నది బస్తాల రిజిస్టరు, రైతులకిచ్చిన రసీదుల నకళ్లు, బ్యాంకులో కట్టిన చలాన్లు. లెక్క రాసే పద్ధతులు రెండు. డబ్బు చేతికి వచ్చిన రోజునే ఆదాయమని, చేతి నుంచి పోయిన రోజునే ఖర్చని రాసుకునేది నగదు పద్ధతి. డబ్బు ఎప్పుడు వచ్చినా సరే, సంపాదించిన ఏడాదిలోనే ఆదాయంగా రాసేది మర్కంటైల్ పద్ధతి. కంపెనీ అన్నది రెండోది పాటించాలి. మిల్లుకు రాజలింగం అదే పాటించాడు. కోల్డ్ స్టోరేజీకి మాత్రం నగదు పద్ధతి. రైతు మిర్చిని మాఘ ఫాల్గుణాల్లో పెడతాడు, ధర చూసుకుని ఎప్పుడో తీసుకుంటాడు, కిరాయి అప్పుడే కడతాడు. మల్లేశం చివరి రోజుల్లో రెండో చాంబరు కట్టాడు. బస్తాలు పెరిగాయి, కరెంటు ఖర్చు ఈ ఏడాదిలో పడింది, కిరాయి పై ఏడాదికి పోయింది. లాభం కనపడకపోవడానికి ఇది ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. కిరాయి ఏ రోజుకు ఆ రోజు మిల్లు బ్యాంకు ఖాతాలోనే జమ. జనగామలో అది మిల్లు వసూళ్లలో కలిసిపోతుంది. కరెంటు బిల్లు జనగామ నుంచి కడితే మాత్రం రాజలింగం 'మానుకోటకు ఇచ్చింది' అని విడిగా రాసేవాడు. ఇంట్లో అందరికీ కనపడేది ఆ ఒక్క పద్దే. అయిదేళ్లుగా మానుకోటకు ఇవ్వడమే తప్ప మానుకోట నుంచి వచ్చింది ఎవరికీ కనపడలేదు.

రిజిస్టరు చూస్తుంటే ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగింది, కోల్డ్ స్టోరేజీ నష్టంలో ఉన్నది నిజమేనా అని. భూపాలపల్లి టిప్పర్ల కిస్తీలు తీర్చడానికి దీన్ని అమ్మేద్దామంటున్నారట. కొనేవాడు కూడా సిద్ధం. వాడి వకీలు ముగ్గురు డైరెక్టర్ల సంతకాలూ కావాలన్నాడు కాబట్టి ఈమెను అడుగుతున్నారు. అమ్మితే జనగామ ఇంట్లో ఒక గది ఇస్తామన్నారు.

"నీళ్లేడ పోయినయ్, పైసలేడ పోయినయ్ అని ఊరూరా అడుగుతున్నరు సారూ. వాళ్లను ఉద్యమకారులంటున్నరు. గదే మాట నేను ఇంట్ల అడిగితే ఇల్లు చెడగొట్టేదంటున్నరు. మీరు నాకు ఒక్క ముక్క చెప్పున్రి. మాది నష్టమా, లాభమా?"

లెక్క తేలకుండా చెప్పకూడదు, తేలాక కూడా నోటితో చెప్పకూడదు. అదే చెప్పాను. అయితే ఒక దారి ఉందన్నాను. ఆర్డరు రాసేముందు, మీ ఆదాయం ఇంత అని మేము అనుకుంటున్నాము, మీ అభ్యంతరమేమిటి అని కంపెనీకి ఒక నోటీసు ఇవ్వాలి. దాన్ని షోకాజ్ అంటారు. లెక్క మొత్తం అందులోనే ఉంటుంది. ఆ కాగితం తెచ్చి నీ చేతిలోనే పెడతానమ్మా అన్నాను.

"అయితే గా కాయితం వచ్చేదాంక సంతకం పెట్టను," అంది. "దసరా దాంక ఆగుమంట. ఆగుతరు."

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగాయి, బడులు మూతపడ్డాయి, గనుల్లో బొగ్గు తవ్వడం ఆగింది. మాది కేంద్ర ప్రభుత్వ కార్యాలయం కాబట్టి తలుపు తీసే ఉంది, లోపల సగం కుర్చీలు ఖాళీ. భూపాలపల్లి వెళ్లక తప్పలేదు. ఇరవై చోట్ల రాస్తారోకోలు దాటుకుని, సగం దూరం నడిచి వెళ్లానని నా మనవరాలికి చెప్పాను. నిజానికి మూడు చోట్ల. నడిచింది మొత్తం కలిపితే ఒక మైలు. టేకుమట్ల పోయే జీపు ఒకటి దొరికితే దాంట్లో కూర్చున్నాను. రెండు చోట్ల రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. జీపు ఆపి నన్ను ఏ డిపార్టుమెంటని అడిగారు. ఆదాయపు పన్ను అన్నాను భయపడుతూ.

"మాకు ఆదాయమే లేదు, పన్నేడికెళ్లి సార్?" అన్నాడు గంటె పట్టుకున్నాయన. "దిగున్రి, జర తినిపోన్రి."

తిన్నాను. రెండో చోట కూడా తిన్నాను.

రాంచందర్ టిప్పర్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు అందరూ దీక్షా శిబిరంలో ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. గడ్డం పెరిగింది. ఫైనాన్సు కంపెనీ నుంచి ఫోను వస్తే ఎత్తకుండా బల్ల మీద బోర్లించాడు. కాగితాలన్నీ అడగకుండానే ముందు పెట్టాడు.

"నా డ్రైవర్లు రాష్ట్రం వేరు చెయ్యమని రోడ్డు మీద కూసున్నరు. మీరేమో నా ఇల్లు వేరు చేస్తందుకు వచ్చిన్రా సార్?" అన్నాడు. తర్వాత తనే, "వదినది ఎట్లాగూ నష్టమే గద. అది అమ్మితే నేను బతుకుత," అన్నాడు. నేను కాగితాలకు రసీదు రాసిచ్చాను. అది తప్పని గానీ ఒప్పని గానీ చెప్పకూడదు.

దసరాకు ముందే లెక్క తేలింది. మా ఆఫీసరు, నేను రెండు వారాలు కూర్చున్నాం. మిల్లు ఖాతాలో కలిసిపోయిన కిరాయిలను చలాన్లతో పోల్చి కోల్డ్ స్టోరేజీకి తెచ్చాము. మార్చి నెలాఖరుకు లోపలున్న బస్తాల మీద అప్పటిదాకా సంపాదించిన కిరాయిని మర్కంటైల్ పద్ధతిలో ఆ ఏడాదికే రాశాము. మిల్లుకు మోసిన పత్తికి టిప్పర్లకు కిరాయి కట్టాము. మిల్లు పేరుతో తీసుకుని టిప్పర్లకు వాడిన అప్పు వడ్డీని మాత్రం ఎలా పంచాలో రెండు రోజులు వాదించుకున్నాం. అమ్మకాల నిష్పత్తిలో మూడింటికీ పంచడం తేలిక, ఆ రోజే అయిపోతుంది. అప్పు ఎవరు వాడారో బ్యాంకు కాగితాల్లో వెతకడం కష్టం. నేను తేలిక దారి అన్నాను. ఆఫీసరు ఒప్పుకోలేదు. అలా పంచితే అప్పు ముట్టని కోల్డ్ స్టోరేజీ మీద కూడా వడ్డీ పడుతుంది అన్నాడు. ఆయనే గెలిచాడు. వెతికాం.

మిల్లుకు ఒక మోస్తరు లాభం. టిప్పర్లకు పెద్ద నష్టం. కోల్డ్ స్టోరేజీకి మూడింట్లోకీ ఎక్కువ లాభం. ఆ ఇల్లు నడుస్తున్నది మానుకోట మిర్చి మీద. మూడు షోకాజ్ నోటీసులు తయారయ్యాయి, మూడు కవర్లు. ఎక్కడిచ్చినా చెల్లుతుంది, రిజిస్టర్డు ఆఫీసులో ఇచ్చినా, వ్యాపారం చేసే చోట ఇచ్చినా, మీ వీలు గురువుగారూ అన్నాడు ఆఫీసరు. సమ్మె వల్ల నోటీసులు అందజేసే ఉద్యోగి రావడం లేదు. మోయాల్సింది నేనే.

పండగ వెళ్లిన తర్వాతి మంగళవారం ఉదయం రెండు కవర్లు జనగామలో ఇచ్చి, మూడోది సంచిలో పెట్టుకుని మానుకోట వెళ్లాను. సుగుణమ్మ చేతిలో పెట్టాను. ఆమె అక్కడే చదువుకుని, సంతకం పెట్టనని జనగామకు కబురు చేసింది. అమ్మకం ఆగింది. పన్ను నోటీసు అందుకుని సంతోషపడ్డ మనిషిని నా సర్వీసులో ఆ ఒక్కరినే చూశాను.

ఈ పై పేరా నేను పన్నెండేళ్లుగా చెబుతున్నది. పెళ్లిళ్లలో చెప్పాను, పెన్షనర్ల సమావేశంలో చెప్పాను. అందులో మొదటి సగం వాక్యమే నిజం.

ఆ మంగళవారం జనగామలో రైలు దిగేసరికి తొమ్మిదయింది. మిల్లు గేటు పక్క గదికి వెళ్లి రెండు కవర్లు ఇచ్చాను. మూడోది సంచిలోనే ఉంది. మానుకోట వెళ్లాలంటే మళ్లీ వెనక్కి కాజీపేట వచ్చి, అక్కడ రైలు మారాలి. బస్సులు లేవు కాబట్టి రైళ్లలో కాలు పెట్టే చోటు ఉండదు. నాకు ఆ రోజు జ్వరమని కొందరితో, రైల్ రోకో అని కొందరితో చెప్పాను. జ్వరం లేదు. రైల్ రోకో ఆ రోజు కాదు. ఉన్నది విసుగు. నాలుగు నెలలుగా మూడు ఊళ్లు తిరిగిన విసుగు, మోకాళ్ల నొప్పి, కాజీపేటలోనే దిగి ఇంటికి వెళ్లి పడుకోవాలన్న కోరిక. రాజలింగం నా సంచి వైపు చూశాడు.

"గదీ ఇటియ్యిన్రి సార్. ఆఫీసు ఇదే గద. ఎందుకు మీకు తిప్పలు?"

ఇచ్చాను. చట్టప్రకారం సరైన చోటు అదే. మూడు రసీదుల మీద కంపెనీల ముద్ర వేసి రాజలింగం మూడు సంతకాలు పెట్టాడు. ఎర్ర గుడ్డ విప్పి మూడు కవర్లూ కట్టలో పెట్టి, మళ్లీ ముడి వేశాడు. ముడి వెయ్యడం నేను చూశాను. అమావాస్య అంటే ఆ నెల దీపావళి. ఇంకా రెండు వారాలుంది. ఒక్క మాట అనొచ్చు, ఇది ఇప్పుడే విప్పి మానుకోటకు పంపించమని. టీ తెప్పించాడు. తాగి, తిరుగు రైలెక్కాను.

సుగుణమ్మ నవంబరు మొదటి వారంలో మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆ నోటీసు ఉంది. దీపావళి వెళ్లాక కట్ట విప్పినప్పుడు సోమనర్సయ్యే చదివి, పొద్దున్నే కారు పంపి ఆమెకు ఇప్పించాడట. ఆయన దాచలేదు, రాజలింగమూ దాచలేదు. ఆ ఇంటి పద్ధతిలో ఆ కాగితం చదివే రోజు రాలేదు, అంతే. సంతకాలు మాత్రం ఆ మంగళవారం తర్వాతి శుక్రవారమే అయిపోయాయి. దసరా దాటింది, సారు కాగితం రాలేదు, అంటే నష్టమే అయ్యుంటుంది, మంచి మాటైతే తెచ్చి ఇచ్చేవాడే అనుకుందట ఆమె. మిల్లు గదిలోనే సంతకం పెట్టింది. ఆమె కూర్చున్న కుర్చీ వెనకే ఆ అలమారా.

నిలబడే మాట్లాడింది. అంతకుముందు నన్ను మీరు అనేది. ఆ రోజు అనలేదు.

"జనగామల ఇచ్చినవట గద సారూ. గీ కాయితం మానుకోట దాంక ఎందుకు రాలే?"

బస్సులు లేవమ్మా అన్నాను.

"జనగామకెట్ల పోయినవ్?"

నేను బల్ల మీది ఫైళ్లు సర్దాను.

"నేను గా శుక్రవారం రైలుకే వచ్చిన సంతకం పెట్టనీకి. నిలవడి వచ్చిన. రైళ్లు నడిచినయి సారూ."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"స్టోరేజీ పోయిందని ఏడుస్తలేను. అయిదేండ్లు ఇంటిని ముంచుతున్న అనుకొని అన్నం తిన్న. గా దినం తలకాయ వంచుకొని సంతకం పెట్టిన. ఇది ముందుగాల సూసుంటే తలెత్తి పెట్టనని అందును. పెట్టకపోదును."

మా ఆఫీసరు తన గదిలోంచి బయటికి వచ్చి, ఏం జరిగిందని అడిగాడు. నేను, నోటీసుకు జవాబు ఇవ్వడానికి వచ్చారు సార్ అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది. జవాబుకు గడువు ఎన్ని రోజులో అడిగి, చెప్పించుకుని వెళ్లిపోయింది. నా మీద ఫిర్యాదు రాయొచ్చని ఆమెకు తెలియదనుకున్నాను చాలా కాలం. తెలుసని ఇప్పుడు అనుకుంటున్నాను.

డిసెంబరు గడువుకు పది రోజుల ముందే మూడు ఆర్డర్లూ అయిపోయాయి. కోల్డ్ స్టోరేజీ లాభం మీద పన్ను పడింది. అమ్మిన డబ్బులోంచే కట్టారు. మిల్లు పన్ను పెరిగింది. టిప్పర్ల నష్టం టిప్పర్లతోనే ఉండిపోయింది. అమ్మకం డబ్బు కిస్తీలకు సరిపోయి, రాంచందర్ నిలదొక్కుకున్నాడు. సుగుణమ్మ జనగామ ఇంట్లో గది తీసుకోలేదు. మానుకోటలోనే అద్దెకు ఉండి, అదే కోల్డ్ స్టోరేజీలో కొత్త యజమాని దగ్గర మేనేజరుగా జీతానికి చేరిందని రెండేళ్ల తర్వాత రాజలింగం చెప్పాడు. మూడు చిట్టాలు రాస్తున్నావా అని అడిగాను. రాస్తున్నానన్నాడు. ముసలమ్మ మాట పోయిందనలేదు. చెయ్యి నొస్తోందన్నాడు.

ఆ కేసు మా శాఖ తనిఖీకి వెళ్లింది. తనిఖీ అధికారి లెక్కలను మెచ్చుకుంటూ రాశాడు. నోటీసు అందజేత సక్రమం అని రాశాడు, మూడు రసీదులు, మూడు ముద్రలు, మూడు సంతకాలు ఉన్నాయి కాబట్టి. ఆ మెప్పు కాగితం నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మిగిలిన రెండేళ్లలో నేను చేసిన మార్పు ఒకటే. ఒకే చిరునామా కింద ఒకటికి మించి కంపెనీలు ఉంటే, రిజిస్టర్డు ఆఫీసుకు ఒక ప్రతి, ఆ కంపెనీ నడిపే మనిషి ఉన్న చోటికి ఇంకో ప్రతి ఇవ్వాలని ఆఫీసరుకు నోట్ పెట్టాను. ఎందుకని అడిగాడు. ముందుజాగ్రత్త అన్నాను. ఆమోదించాడు.

ఉమ్మడి చిట్టాలో లోపం కూడికలో ఉండదు, పేర్లలో ఉంటుంది. విడదీసిన లెక్క ఎవరి పేరు మీద తేలిందో ఆ మనిషికి చేరేదాకా పని పూర్తి కానట్టే. రసీదు మీద సంతకం ఉన్నా కానట్టే. ఆ మంగళవారం మధ్యాహ్నం కాజీపేట నుంచి మానుకోటకు రైలు వేళకే బయల్దేరింది. నేను ఎదుటి ప్లాట్‌ఫారం మీద దిగి, ఇంటికి వెళ్లాను.